పాత బండి ఇంజన్ శబ్దం: ఎప్పుడొస్తుందో పట్టుకుంటే ఎక్కడిదో తెలుస్తుంది

సెకండ్ హ్యాండ్ బండి చూడటానికి వెళ్లినవాళ్లు వెంట తెచ్చుకున్న మెకానిక్‌ని అడిగే మొదటి మాట "సౌండ్ ఎట్టా ఉందన్నా?" అని. ఆయన రెండుసార్లు రేజ్ ఇచ్చి, "కొంచెం ట్యాపెట్ సౌండ్ ఉంది, సెట్ చేస్తే పోద్దిలే" అంటాడు. ట్యాపెట్ అంటే హెడ్‌లో వాల్వుని నొక్కే రాకర్ దగ్గరి సెట్టింగు స్క్రూ. చాలాసార్లు మెకానిక్ మాట నిజమే. కాని వాల్వుల్ని వేళకి తెరిపించే టైమింగ్ చైన్ సాగినా, పొగ బయటికి పోయే బెండు పైపు దగ్గర లీకున్నా, చివరికి పిస్టన్‌ని క్రాంక్‌కి (ఇంజన్ అడుగున తిరిగే ఇరుసుకి) కలిపే కనెక్టింగ్ రాడ్ అరిగినా తొలి వినికిడికి ట్యాపెట్ లాగే ఉండే సందర్భాలున్నాయి. ట్యాపెట్ పని వందల రూపాయల్లో తేలిపోతుంది. రాడ్ పనికి ఇంజన్ దించాలి, క్రాంక్ లేత్ షాపుకి పోవాలి, ఖర్చు వేలల్లోకి పోతుంది. ఈ తేడా డబ్బులు చేతులు మారకముందే తెలియాలి.

మన నెల్లూరు, ఒంగోలు వైపు చేతులు మారే పాత బండ్లలో స్ప్లెండర్లు, ప్యాషన్లు, సీటీ 100లు, పల్సర్ 150లే ఎక్కువ. అక్కడక్కడా ఆర్‌ఎక్స్ 100, పాత బుల్లెట్ కూడా కనిపిస్తాయి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చింది కాబట్టి ఏపీ 26, ఏపీ 27 నంబరున్న బండి ఏదైనా అంతకుముందు రిజిస్టరైందే. పదిహేనేళ్లు దాటినదైతే ఆర్సీ రెన్యువల్ అయిందో లేదో ముందు చూసుకుని, ఆ తర్వాతే ఇంజన్ దగ్గరికి రండి.

శబ్దం వినగానే "ఎక్కడ్నుంచి వస్తోంది?" అని వెతకడం మొదలుపెడితే దారి తప్పుతారు. ఈ బండ్లలో చాలావాటికి హెడ్, క్రాంక్ కేసు అల్యూమినియం, శబ్దం ఒకచోట నుంచి ఇంకోచోటికి పాకుతుంది. హెడ్‌లో పుట్టిన టిక్కు కింద క్రాంక్ కేసులోనూ వినపడుతుంది, కుడివైపు క్లచ్ కవర్ లోపలి గరగర ఎడమవైపు మ్యాగ్నెట్ (క్రాంక్‌తో పాటు తిరిగే అయస్కాంత చక్రం) కవర్ మీద కూడా పలుకుతుంది. అందుకని ముందు ఎప్పుడొస్తోందో చూడాలి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? బండి నిలబెట్టి రేజ్ ఇచ్చినా వస్తోందా, రోడ్డు మీద లోడు పడితేనే వస్తోందా? క్లచ్ పడితే మారుతోందా? ఎక్సలేటర్ వదిలినప్పుడు పెరుగుతోందా, తగ్గుతోందా? ఈ నాలుగింటికీ జవాబు దొరికితే ఇంజన్ విప్పకుండానే అనుమానం ఒకటి రెండు భాగాల దగ్గరికి వచ్చేస్తుంది.

ఇంకో గుర్తు లయ. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే, వాల్వుల్ని తెరిచే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. కాబట్టి వాల్వు, రాకర్ల శబ్దం ఇంజన్ వేగంలో సగం వేగంతో, తీరుబడిగా టిక్... టిక్... అని వస్తుంది. పిస్టన్, రాడ్, క్రాంక్ శబ్దం చుట్టు చుట్టుకీ వస్తుంది, అంటే దానికి రెట్టింపు. స్లోలో ఆడించి నిమిషంసేపు కదలకుండా వింటే ఈ తేడా చెవికి దొరుకుతుంది. ఊరికే రేజ్ ఇస్తూ ఉంటే ఎప్పటికీ దొరకదు.

చల్ల ఇంజన్ దగ్గరే పరీక్ష

అమ్మేవాళ్లకి ముందే చెప్పండి, "మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు" అని. వెళ్లగానే సిలిండర్ రెక్కల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వేడి తగిలితే ఆ పూట బేరం వద్దు, ఇంకో రోజు వస్తామని చెప్పండి. వేడెక్కిన ఇంజన్‌లో పిస్టన్ వ్యాకోచించి బోరులో (సిలిండర్ లోపలి గుంటలో) సర్దుకుంటుంది. అరిగిన పిస్టన్ కొట్టే శబ్దం చాలావరకు అప్పుడే దాక్కుంటుంది.

మన దగ్గర ఇందులో ఇంకో మెలిక ఉంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన బండి ఇంజన్ స్టార్ట్ చేయకముందే కాలుతూ ఉంటుంది. పిస్టన్ శబ్దం వినాలంటే తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందు వెళ్లాలి. సాగిన టైమింగ్ చైన్, రాడ్, బేరింగుల శబ్దం సంగతి దీనికి తలకిందులు. ఆయిల్ పల్చబడ్డాకే అవి బయటపడతాయి. కాబట్టి పొద్దున్నే చల్ల ఇంజన్ విని, అదే బండిని హైవే మీద పది పదిహేను కిలోమీటర్లు నడిపి, వెనక్కి వచ్చి మళ్లీ స్లోలో వినాలి. ఈ రెండు వినికిళ్లూ లేకుండా "సౌండ్ బాగుంది" అనే మాటకు విలువ లేదు.

స్టార్ట్ చేసే ముందు ఆయిల్ చూడండి. స్ప్లెండర్ లాంటి హోండా ఇంజన్లకి బండి సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, గేజి తుడిచి, మరలు తిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి. బిగించి తీస్తే మట్టం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. గేజి కొసన కూడా ఆయిల్ అంటకపోతే ఆ ఇంజన్ పొడిగా తిరిగిందని అర్థం, శబ్దాల సంగతి తర్వాత. ఆయిల్ బాగా చిక్కగా, తేనెరంగులో, అప్పుడే పోసినట్టు ఉంటే అదీ అనుమానించాల్సిందే. 10డబ్ల్యూ30 గ్రేడు ఆయిల్ వాడాల్సిన ఇంజన్‌లో అంతకన్నా చిక్కటి 20డబ్ల్యూ50 గానీ, చిక్కదనం పెంచే మందులు గానీ పోస్తే టైమింగ్ చైన్ గరగర, రాడ్ చప్పుడు కొన్నాళ్లు అణుగుతాయి. "ఆయిల్ ఎప్పుడు మార్చారు, ఏ గ్రేడు పోశారు?" అని సూటిగా అడగండి.

ముందు బయటివి బిగించండి

ఇంజన్ శబ్దం అని తెచ్చే బండ్లలో కొన్నింటికి ఇంజన్‌కే సంబంధం ఉండదు. సైలెన్సర్ మీది హీట్ షీల్డు స్క్రూలు, ఇంజన్ మౌంటింగు బోల్టులు, హారన్ పట్టీ, నంబర్ ప్లేటు, చైన్ కవర్ ఒక్కొక్కటీ చేత్తో నొక్కి పట్టుకుని వినండి. పట్టుకుంటే ఆగిపోయిన శబ్దం దానిదే. సైలెన్సర్ లోపలి ప్లేటు ఊడి గలగలలాడితే, ఇంజన్ ఆపి చల్లారాక రబ్బరు సుత్తితో తట్టినా అదే గలగల వినిపిస్తుంది.

చైన్ స్ప్రాకెట్ది రోడ్డు వేగంతో వచ్చే శబ్దం. నిలబెట్టి రేజ్ ఇస్తే రాదు, నడిపితేనే వస్తుంది, ఎక్సలేటర్ వదిలితే చైన్ కేసుకి టకటకమని తగులుతుంది. సెంటర్ స్టాండ్ వేసి, రెండు స్ప్రాకెట్ల మధ్యలో చైన్‌ని పైకీ కిందికీ ఆడిస్తే 20 నుంచి 30 మి.మీ. ఆట ఉండాలి. చక్రం మెల్లగా తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి. ఒకచోట బిగువు, ఇంకోచోట వదులు ఉంటే చైన్ అక్కడక్కడా సాగిందన్నమాట, సెట్టింగుతో అది పోదు. స్ప్రాకెట్ పళ్లు ఒకపక్కకి వంగి కొక్కెంలా కనిపిస్తే కిట్టు మొత్తం మార్చాల్సిందే. రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బండ్లకి ఉప్పు నీళ్లు తగిలి చైన్ లింకులు తుప్పుతో పట్టేస్తుంటాయి. మైపాడు, కొత్తపట్నం వైపు తిరిగిన బండి కొంటుంటే చైన్ కేసు మూత తీసి చూడకుండా వదలొద్దు.

ఆ ఉప్పుగాలే బెండు పైపుని కూడా తినేస్తుంది. పైపు హెడ్‌కి బిగించేచోట నట్లు తుప్పుపట్టి, లోపలి గ్యాస్కెట్ కాలిపోతే అక్కడి నుంచి గ్యాసు చఫ్ చఫ్ అని తప్పించుకుంటుంది. ట్యాపెట్ అని అందరూ పొరబడేది ఎక్కువగా దీన్నే. రెండూ హెడ్ దగ్గరే వస్తాయి, లయ కూడా ఒకటే. గుర్తుపట్టడం తేలిక: చల్ల ఇంజన్ స్టార్ట్ చేసి, పైపు వేడెక్కకముందే ఆ జాయింటుకి అంగుళం దూరంలో చెయ్యి పెడితే ఊదినట్టు తగులుతుంది. జాయింటు చుట్టూ నల్లటి మసి మచ్చ ఉంటుంది. ఎక్సలేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో ఫట్ ఫట్‌మని పేలుతుంటే అనుమానం ఇంకా గట్టిది. ఆ పేలుడుకి కార్బొరేటర్‌లో పెట్రోలు పాలు తగ్గడం కూడా కారణం కావచ్చు. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో పాత కార్బొరేటర్ బండ్లు కొంచెం పలచగా నడుస్తాయి కాబట్టి, లీకు లేకపోతే జెట్లు, గాలి స్క్రూ వైపు చూడాలి. ప్లగ్ వదులుగా ఉన్నా ఇదే చఫ్ చఫ్ వస్తుంది, దాని చుట్టూ ఆయిల్ మసి తడిగా కనిపిస్తుంది.

ట్యాపెట్ శబ్దం, ట్యాపెట్ నిశ్శబ్దం

ట్యాపెట్‌ది సన్నటి, ఒకే తీరు టిక్ టిక్. స్లోలో బాగా వినపడుతుంది, రేజ్ ఇస్తే వేగం పెరిగి మిగతా చప్పుళ్లలో కలిసిపోతుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ కొస ట్యాపెట్ క్యాప్ మీద ఆనించి, పిడి చెవి ముందున్న ఎముకకి ఆనిస్తే స్పష్టంగా తెలుస్తుంది. ఇన్లెట్, ఎగ్జాస్ట్ రెండు క్యాపుల మీదా విడివిడిగా వినండి. ప్లగ్ క్యాపుకి స్క్రూడ్రైవర్ తగలనీయొద్దు, షాక్ కొడుతుంది.

కొంచెం టిక్ టిక్ ఉండటం ఆరోగ్యమే. భయపడాల్సింది అసలు శబ్దమే లేని బండికి. శబ్దం పోవాలని కొందరు ట్యాపెట్లు బిగించేస్తారు. రాకర్‌కీ వాల్వుకీ మధ్య గ్యాప్ లేకపోతే ఇంజన్ వేడెక్కి వాల్వు పొడవు పెరిగినప్పుడు అది సీటు (హెడ్‌లో వాల్వు ఆనే అంచు) మీద పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ఎక్కువగా వదిలించుకునేది సీటుకి ఆనినప్పుడే. ఆ సందు దొరక్కపోతే అంచు కాలిపోతుంది. చల్లగా ఉంటే ఒక్క కిక్కుకి స్టార్ట్ అయ్యి, వేడి మీద ఆపితే మళ్లీ స్టార్ట్ కాక సతాయించే బండి, స్లోలో నిలవని బండి, పికప్ పడిపోయిన బండి పూర్తి నిశ్శబ్దంగా ఉంటే ట్యాపెట్ బిగువు అనుకోండి. ఆలస్యం చేస్తే హెడ్ దించి వాల్వులు మార్చి, సీట్లు రుద్దించుకోవాలి.

సెట్టింగు ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాకే చేయాలి. రాత్రంతా నిలిపి పొద్దున చేస్తే మంచిది. ఎడమవైపు మ్యాగ్నెట్ కవర్ మీద రెండు క్యాపులుంటాయి, పెద్దది క్రాంక్ తిప్పడానికి, చిన్నది గుర్తు చూడటానికి. ప్లగ్ తీసేస్తే క్రాంక్ తేలిగ్గా తిరుగుతుంది. పాత హీరో హోండా ఇంజన్లలో ఎడమపక్క నుంచి చూస్తూ గడియారం ముల్లుకి ఎదురు దిక్కులో తిప్పుతూ, మ్యాగ్నెట్ మీది "టి" గీతని కవర్ మీది గాటుతో కలపాలి. పక్కనే "ఎఫ్" గీత ఉంటుంది, అది స్పార్క్ గుర్తు, దానితో కలపొద్దు. "టి" కలిశాక రెండు రాకర్లూ చేత్తో ఆడాలి. ఒకటి బిగుసుకుని ఉంటే పిస్టన్ పైకి వచ్చింది కంప్రెషన్‌లో కాదు, ఎగ్జాస్ట్ చివర్లో. ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్లీ కలపాలి. ఈ ఒక్క మెట్టు తప్పి, వాల్వు తెరుచుకుని ఉండగానే గ్యాప్ పెట్టేసిన బండ్లే "సెట్ చేయించినా శబ్దం పోలేదు" అంటూ తిరిగి వస్తుంటాయి.

పాత 100 సీసీ హీరో హోండా ఇంజన్లకి ఇన్లెట్, ఎగ్జాస్ట్ రెండింటికీ 0.05 మి.మీ. పల్సర్ 150 డీటీఎస్-ఐకి ఇన్లెట్ 0.05, ఎగ్జాస్ట్ 0.10. మిగతా మోడళ్లకి ఓనర్ మాన్యువల్ చూడండి, ఒకదాని లెక్క ఇంకోదానికి పెట్టొద్దు. ఫీలర్ గేజి (గ్యాప్ కొలిచే సన్నటి రేకుల కట్ట) రేకు రాకర్‌కీ వాల్వు కొసకీ మధ్య దూర్చి లాగితే కొంచెం పట్టుకున్నట్టు రావాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా కాస్త తిరిగిపోతుంది కాబట్టి, బిగించాక రేకుతో ఇంకోసారి చూసే తీరాలి. చేత్తో ఆడించి "ఇంత చాలు" అనే అలవాటు చాలా షాపుల్లో ఉంది. 0.05 మి.మీ. తేడా కూడా ఇక్కడ ముఖ్యమే, వేలికి అంత సన్నటి తేడా తెలియదు. రేకు అడగడానికి మొహమాటపడొద్దు.

గ్యాప్ సరిగ్గా పెట్టినా టిక్ టిక్ పోకపోతే, రాకర్ మొహం గానీ క్యామ్ ఎత్తు గానీ గుంట పడి ఉంటుంది. వాల్వు కొస గుంటపడ్డా అంతే, చదునైన రేకు ఆ గుంట మీదుగా వంతెన వేసి, ఉన్న గ్యాప్‌కన్నా తక్కువ చూపిస్తుంది. క్యాప్ తీసినప్పుడే టార్చి వేసి చూడండి. రాకర్ ఆయిల్‌తో తడిగా మెరుస్తుండాలి. ఎండిపోయి నీలం తిరిగి ఉంటే హెడ్‌కి ఆయిల్ ఎక్కడం లేదు. అప్పుడు కొత్త రాకర్లు వేసినా నాలుగు రోజులే. ముందు ఆయిల్ జల్లెడ, పంపు, దారులు శుభ్రం చేయించాలి.

టైమింగ్ చైన్

ఇది టిక్ టిక్ కాదు, గరగర. స్ప్లెండర్‌లో ఎడమవైపు వినపడుతుంది. రేజ్ ఇచ్చి వదిలినప్పుడు, ఇంజన్ వేగం దిగుతున్న ఆ రెండు క్షణాల్లో ఎక్కువవుతుంది. చల్లగా స్టార్ట్ చేయగానే వచ్చి కాసేపటికి తగ్గితే చైన్‌ని బిగువుగా పట్టే టెన్షనర్ బలహీనపడింది, వేడెక్కినా పోకపోతే చైనే సాగింది. ఈ ఇంజన్లలో టెన్షనర్ దానంతటదే సర్దుకునే రకం. ఒక రాడ్డు, దాని తలమీద రబ్బరు, వెనక స్ప్రింగు, చైన్‌ని నొక్కే రోలరు ఉంటాయి. రబ్బరు గట్టిపడి పగిలినా, రోలరు అరిగినా చైన్ ఒక్కటే కొత్తది వేయడం డబ్బు దండగ, కొద్ది నెలల్లో గరగర మళ్లీ వస్తుంది. చైన్, రోలర్లు, టెన్షనర్ రబ్బరు, స్ప్రింగు కలిపి కిట్టుగా వేయించండి. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ నిలవదు కాబట్టి క్యామ్ స్ప్రాకెట్ పళ్లు కూడా చూడాలి.

పల్సర్లలో టెన్షనర్ పళ్లున్న రకం, బయటికి జరిగిన పుల్ల వెనక్కి రాకూడదు. విప్పి బొటనవేలితో నొక్కినప్పుడు లోపలికి పోతే అది పనికిరాదు. బయటి నుంచి రెండు బోల్టులతో వచ్చే భాగమే కాబట్టి, ముందు అది మార్చి వినాలి. చైన్ కోసం ఇంజన్ తెరవడం ఆ తర్వాతి మాట. సాగిన చైన్‌తో అట్లాగే నడిపితే ఏదో ఒకరోజు పన్ను దాటి టైమింగ్ తప్పుతుంది, వాల్వు పిస్టన్‌కి తగలొచ్చు.

పిస్టన్, పిన్ను, రాడ్

పొద్దున స్టార్ట్ చేయగానే మొద్దుగా టక టకమని, రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోయేది పిస్టన్ స్కర్టు బోరు గోడకి కొట్టుకునే శబ్దం. ఇది పాతబండికి ఒక మోస్తరుగా ఉన్నా నడుస్తుంది. వేడెక్కినా పోకుండా, రేజ్ ఇస్తే నీలం పొగ కూడా వస్తుంటే బోరు పని దగ్గరపడినట్టే. చీమకుర్తి క్వారీల దారిలో తిరిగిన బండ్లు ఈ స్థితికి త్వరగా వస్తాయి. గ్రానైట్ దుమ్ము ఎయిర్ ఫిల్టర్ దాటితే రింగుల్నీ బోర్నీ రాపిడి కాయితంలా అరగదీస్తుంది. ఫిల్టర్ తీసి, ఫిల్టర్‌కీ కార్బొరేటర్‌కీ మధ్య గొట్టం లోపల వేలితో తుడవండి. వేలికి సన్నటి బూడిద అంటితే ఫిల్టర్ చిరిగిందో, సరిగ్గా కూర్చోలేదో. ఆ దుమ్ము సిలిండర్ దాకా పోయే ఉంటుంది.

పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్ను వదులైతే శబ్దం సన్నగా, గట్టిగా, ఇనుము ఇనుముకి తగిలినట్టు కటకట. వేడెక్కినా తగ్గదు, స్లోకి కొంచెం పైన బాగా తెలుస్తుంది.

ఇక రాడ్. డగ్ డగ్ డగ్ అని లోతుగా, క్రాంక్ కేసు అడుగు నుంచి వస్తుంది. వేడెక్కేకొద్దీ పెరుగుతుంది, లోడు పెట్టినప్పుడు పెరుగుతుంది. నాలుగో గేర్లో 40 దగ్గర, ఇంజన్ లాగకుండా ఆపకుండా ఎక్సలేటర్ సన్నగా పట్టుకుంటే స్పష్టంగా కొడుతుంది. ఈ శబ్దం ఉన్న బండిని ఇంటిదాకా నడిపి తీసుకురావడం కూడా మంచిది కాదు, ట్రాలీలో వేయించండి. నడుస్తుండగా రాడ్ విరిగితే క్రాంక్ కేసు పగులుతుంది, వెనక చక్రం పట్టేస్తే మనిషికే ప్రమాదం. పాల క్యాన్లు, మేత మోపులు వేసి టాప్ గేర్లో ఈడ్చిన బండ్లలో ఇది ఎక్కువ. తక్కువ వేగంలో పెద్ద గేరు వేసి లాగిస్తే ప్రతి పేలుడు బరువూ రాడ్ బేరింగు మీదే పడుతుంది.

అయితే రాడ్ అని తీర్పు చెప్పేముందు రెండు నట్లు తప్పనిసరిగా చూడాలి. ఎడమవైపు మ్యాగ్నెట్ పట్టుకునే నట్టు, కుడివైపు క్రాంక్ కొసన ప్రైమరీ గేరు బిగించే నట్టు. ఇవి వదులై, కీ (క్రాంక్ మీద అవి జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క) అరిగితే వచ్చే చప్పుడు అచ్చం రాడ్ లాగే ఉంటుంది. నట్టు బిగించి, కీ మార్చితే పోయేదానికి ఇంజన్ మొత్తం దించిన సందర్భాలు షాపుల్లో కొత్త కాదు.

ఇంజన్ తెరవకుండా ఇంకో పరీక్ష ఉంది. ప్లగ్ తీసి, ఆ రంధ్రంలోంచి పిస్టన్ మీదికి మెత్తటి ప్లాస్టిక్ పుల్ల ఆనించి పట్టుకోండి. పిస్టన్ పైకొస దాటి కాస్త కిందికి దిగాక, మ్యాగ్నెట్‌ని మెల్లగా అటూ ఇటూ ఆడించండి. మ్యాగ్నెట్ కదిలినా పుల్ల కదలకుండా, లోపల టక్కుమని చిన్న దెబ్బ వినపడితే రాడ్‌లోనో పిన్నులోనో ఆట ఉంది. బోరు తీశాకైతే అనుమానమే ఉండదు. క్రాంక్‌ని కదలనీయకుండా పట్టుకుని, రాడ్ తల పట్టి నిలువునా లాగి నొక్కాలి. పక్కలకి కొంచెం జరగడం మామూలే. నిలువునా కొంచెం కదిలినా రాడ్ కిట్టు వేయాల్సిందే.

మెయిన్ బేరింగులది కొట్టుడు కాదు, గుర్రుమనే ఒరుపు. వేగంతోపాటు స్థాయి పెరుగుతుంది, ఫుట్‌రెస్టుల్లో సన్నటి వణుకు తెలుస్తుంది.

క్లచ్ పడితే మారే శబ్దాలు

న్యూట్రల్‌లో స్లోలో గలగలలాడుతూ, క్లచ్ లివర్ పట్టగానే ఆగిపోతే అది ఇంజన్ పైభాగానిది కాదు. క్లచ్ వదిలి ఉన్నప్పుడు గేర్‌బాక్స్ మెయిన్ షాఫ్టు తిరుగుతూ ఉంటుంది, పడితే ఆగుతుంది. కాబట్టి క్లచ్ హౌసింగు దిమ్మ స్ప్రింగులు వదులవడం, ప్లేట్ల చెవులు హౌసింగు గాళ్లని తినేయడం, మెయిన్ షాఫ్టు బేరింగు పోవడం, ఈ మూడింట్లో ఒకటి. క్లచ్ పట్టినప్పుడే కొత్తగా కీచుమనేది రిలీజ్ బేరింగు, చవక పని. ఒక్క గేర్లోనే ఊళ వస్తే ఆ గేరు పళ్లు.

సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రమే గర్రుమని జారితే స్టార్టర్ వన్‌వే క్లచ్, మ్యాగ్నెట్ వైపు ఉంటుంది.

ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చే కణకణ

టాప్ గేర్లో, తక్కువ వేగంలో, బరువుతో ఎత్తు ఎక్కుతుంటే కణకణమని గాజు పలికినట్టు వచ్చేది నాకింగ్. ఇంధనం వేళకాని వేళ మండుతోందన్నమాట. మన కోస్తా తీరం చదునే కాబట్టి ఊళ్లో ఇది బయటపడదు. దోర్నాల ఘాటులో శ్రీశైలం దారి పట్టినప్పుడో, ఇద్దరు ఎక్కి ఫ్లైఓవర్ మీద లాగినప్పుడో తెలుస్తుంది. గేరు దించగానే పోతే అలవాటు మార్చుకుంటే చాలు. గేరు దించినా వస్తుంటే పిస్టన్ తలమీద బొగ్గు పేరుకోవడం, గాలి లీకుతో పెట్రోలు పలచబడటం, తప్పు హీట్ రేంజ్ ప్లగ్ వరసగా చూడాలి. కార్బొరేటర్‌కీ హెడ్‌కీ మధ్య రబ్బరు జాయింటు పగిలిందేమో ముందు చూడండి, ఎండకి పగలడం సాధారణం.

ఆయిల్ చెప్పే సాక్ష్యం

కొన్న వెంటనే, నమ్మకం లేకపోతే కొనకముందే, ఇంజన్ వేడి మీద ఆయిల్ తెల్లటి స్టీలు పళ్లెంలోకి దింపించి ఎండలో వంచి చూడండి. నల్లగా ఉండటం తప్పు కాదు. అయస్కాంతం ముంచితే సన్నటి నల్ల గుజ్జు అంటడమూ మామూలే. పొలుసుల్లాంటి ఇనుప ముక్కలు అంటితే గేర్లు, బేరింగులు, క్యామ్ వైపు చూడాలి. అయస్కాంతానికి అంటని వెండి మెరుపు అల్యూమినియం, అంటే పిస్టన్ గానీ కేసు గానీ రాసుకుంటోంది. పసుపుగా మెరిస్తే ఇత్తడి బుష్షులు. శబ్దం విని వచ్చిన అనుమానమూ ఈ పళ్లెంలో కనిపించిందీ ఒకటే చెబితే ఇంజన్ తెరవడానికి వెనకాడక్కర్లేదు.

ఆర్‌ఎక్స్ 100, బుల్లెట్

ఆర్‌ఎక్స్ 100 టూ స్ట్రోక్ కాబట్టి దానిలో క్యామ్ తెరిచే వాల్వులూ ట్యాపెట్లూ లేవు. "ట్యాపెట్ సౌండ్" అని ఎవరైనా అంటే ఆ మనిషికి బండి ఇవ్వొద్దు. అందులో వచ్చేది పిస్టన్ కొట్టుడు, పిస్టన్ పిన్ను దగ్గరి చిన్న బేరింగు గలగల, క్రాంక్ బేరింగుల ఒరుపు. క్రాంక్ ఆయిల్లో మునిగి ఉండదు, పెట్రోలుతో వచ్చే 2టీ ఆయిలే దానికి ఆధారం. ఏళ్ల తరబడి నిలిపేసిన బండికి, అందునా సముద్రం దగ్గర, క్రాంక్ బేరింగులు తుప్పుపట్టి ఉంటాయి. ఆయిల్ పంపు తీసేసిన బండైతే పెట్రోల్లో ఏ పాళ్లలో కలుపుతున్నారో అడగండి. లీటరుకి 30 మి.లీ. అంటే దాదాపు 33కి ఒకటి. అంతకన్నా బాగా తగ్గించి నడిపారంటే పిస్టన్, చిన్న బేరింగు రెండూ చూసుకోవాలి.

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి పుష్ రాడ్లు. చల్ల ఇంజన్‌లో ఇన్లెట్ రాడ్ వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆట ఉండకూడదు. ఎగ్జాస్ట్ రాడ్‌కి అతి కొద్ది ఆట ఉండొచ్చు. దానిలో కొంత చప్పుడు సహజం, స్ప్లెండర్ చెవితో బుల్లెట్ వినకండి. తర్వాత వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజన్లలో ట్యాపెట్లు హైడ్రాలిక్, సెట్ చేసేదేమీ లేదు. నిలిపిన బండి స్టార్ట్ చేశాక కొన్ని క్షణాలు టిక్కుమని ఆగితే ఆయిల్ నిండుతోందని అర్థం. ఆగకపోతే ఆయిల్ మట్టం, ఒత్తిడి చూడాలి.

పని చేయించేటప్పుడు

చవకది ముందు, ఖరీదైనది చివర. బయటి నట్లు, బెండు గ్యాస్కెట్, ఆయిల్, ట్యాపెట్, టెన్షనర్, మ్యాగ్నెట్ నట్టు వరకు వరసగా చేయించి, ఒక్కొక్కటి అయ్యాక మళ్లీ వినాలి. అన్నీ ఒకేసారి చేయిస్తే ఏది తగ్గించిందో తెలియదు. ఇంజన్ దించక తప్పదంటే తీసిన పాత భాగాలు మీ సంచిలో వేసి ఇమ్మని ముందే చెప్పండి.

బోరు కొట్టించేటప్పుడు పిస్టన్ ముందు కొని, దాన్ని లేత్ వాళ్ల చేతికిచ్చి దాని కొలతకి కొట్టించాలి. 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. సైజులుంటాయి, అరుగుదల పోయే అతి చిన్న సైజు చాలు. రాడ్ కిట్టు వేశాక క్రాంక్‌ని సెంటర్ల మీద పెట్టి డయల్ గేజితో వంకర చూడని షాపుకి ఇవ్వొద్దు. వంకర క్రాంక్ కొత్త బేరింగుల్ని కూడా మింగేస్తుంది. బండి తిరిగి వచ్చాక మొదటి 500 కిలోమీటర్లు సగం ఎక్సలేటర్ దాటొద్దు, ఒకే వేగంలో గంటలకొద్దీ పోనివ్వొద్దు, టాప్ గేర్లో ఈడ్చొద్దు. 500 దగ్గర ఆయిల్ దించి, కొత్త రింగుల రాపిడి పొడి అందులో ఎంతుందో మళ్లీ అదే స్టీలు పళ్లెంలో చూసి, ట్యాపెట్లు చల్లమీద ఇంకోసారి సెట్ చేయించండి. కొత్త గ్యాస్కెట్ కూర్చున్నాక గ్యాప్ కాస్త మారుతుంది.